మైకు వదినకి

బస్ స్టాండు విచారణ గది,
మధ్యాహ్నం

ముక్తసరి మరదలికి,

నీ మైకు వదిన వ్రాయునది. నవ్వకు, ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని స్కూల్లో నేర్పారు. బస్సుకీ బస్సుకీ మధ్య మైకు ఆపేసి రాస్తున్నాను కాబట్టి ఎక్కడైనా మాట తెగితే నువ్వే అతికించుకో.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఇంట్లో నేను ఫోన్ ఎత్తితే మీ అన్నయ్య పేపరు మడిచేస్తారు, అత్తయ్య టీవీ సౌండు తగ్గిస్తారు. ఇక్కడ చేద్దామంటే వెనకాల రెండు వందల మంది. పైగా ఫోన్లో నేను నిన్ను మాట్లాడనివ్వనని నువ్వే అంటావుగా. ఇదిగో, ఇక్కడైతే నీ వంతు నీకొస్తుంది.

మొన్న డాబా మీద దుప్పట్లు మడతపెడుతూ నువ్వన్న మాట నన్ను వదలడం లేదే. "నాకు ఎవరి మీదా అలా అనిపించదు వదినా. మగవాళ్ళ మీదా లేదు, ఆడవాళ్ళ మీదా లేదు. లేదని దిగులు కూడా లేదు" అన్నావు. నేనేమో పకపకా నవ్వి, ఒకడు తగిలేదాకా అందరూ ఇలాగే అంటారులే అన్నాను. నువ్వు దుప్పటి కొసలు నా చేతిలో పెట్టి కిందికి దిగిపోయావు. నీకు కోపమొచ్చిందని తెలుసు. కానీ ఎందుకొచ్చిందో తెలియక తల బద్దలు కొట్టుకుంటున్నాను.

కాబట్టి అడుగుతున్నాను, తిట్టుకోకు. ఎవడైనా ఏమైనా చేశాడా? చెప్పు, వాడి సంగతి చూస్తాను. ఒంట్లో ఏమైనా తేడానా? లేకపోతే మనుషుల ఒళ్ళంటేనే రోతా? అలా అనుకుందామంటే రోజంతా జనం మోకాళ్ళూ తొడలూ పట్టుకుని చూసే ఉద్యోగం చేస్తున్నావు. నాకైతే అర్థం కాలేదు. నా సంగతంటావా, మీ అన్నయ్యని చూడగానే గుండె దడదడలాడిందని ఊరంతా చెప్పుకుంటాను గానీ, ఆ రోజు ఎండ కూడా బాగానే ఉందిలే.

ఇంకోటి. సర్వేయర్ సంబంధం ఇంట్లో గట్టిగా నడుస్తోంది. మీ అన్నయ్యకి తెలిసినవాడే. నెమ్మదస్తుడు, అత్తయ్యకి మనిషి తెగ నచ్చాడు. నువ్వు ఏదో ఒకటి చెప్పకపోతే ఈ బండి ఆగేలా లేదు.

బస్సొచ్చింది. ఉంటా.

నీ వదిన

*

కృత్రిమ కాళ్ళ వర్క్‌షాపు,
భోజనాల వేళ

మైకు వదినకి,

కోపం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. నువ్వు మళ్ళీ అడిగావు కాబట్టి పోయింది. మళ్ళీ అడిగినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు.

ఎవడూ ఏమీ చెయ్యలేదు. ఒంట్లో తేడా లేదు. రోత అసలే లేదు. కాలు పోయిన మనిషి బల్ల మీద కూర్చుంటే, కొత్త కాలుకి అచ్చు తియ్యడానికి మిగిలిన భాగం చుట్టూ తడి ప్లాస్టర్ కట్టు చుట్టి, అది గట్టిపడేదాకా రెండు చేతులతో పట్టుకుని ఉండాలి. వేడెక్కుతుంది. కొందరికి భయమేస్తుంది, కబుర్లు చెబుతాను. అవును, నేనే. వాళ్ళ ఒళ్ళు పట్టుకోవడం నాకు ఇష్టం. ఆ ఇష్టంలో నువ్వు అనుకునేది ఉండదు, అంతే.

మీరందరూ రేడియోలో ఏదో పాట వస్తోందంటారు. నా రేడియో పాడైందని మీ అనుమానం. నా ఇంట్లో రేడియోనే లేదు వదినా. ఇల్లు హాయిగానే ఉంది.

దీనికి పేర్లున్నాయి. ఎవరి మీదా శారీరకమైన కోరిక కలగకపోతే ఏసెక్సువల్ అంటారు. ఎవరి మీదా ప్రేమలో పడే మనసు లేకపోతే ఏరొమాంటిక్ అంటారు. కొందరికి ఒకటే వర్తిస్తుంది, నాకు రెండూ. నేను రాతిమనిషినని కాదు. అమ్మంటే ప్రాణం. రోడ్డు దాటేటప్పుడు ఆవిడ ఇప్పటికీ నా చెయ్యి పట్టుకుంటుంది, నేను పట్టుకోనిస్తాను. నువ్వంటే ఇష్టమని వేరే రాయక్కర్లేదు, ఇంత పొడుగు ఉత్తరం నేను ఎవరికి రాశానో నువ్వే చెప్పు.

సర్వేయర్ గారికి నేనే వద్దని చెప్పుకుంటాను. అమ్మకి అసలు సంగతి ఎప్పుడు, ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నాను. అందాకా ఇది నీ దగ్గరే ఉంచు. నీ సాయం ఇప్పటికి అదే.

మరదలు

*

బస్ స్టాండు విచారణ గది,
పొద్దున

మహాతల్లికి,

ముందు నువ్వు కూర్చో. కూర్చున్నావా? చెప్పేశాను!

అరవకు, అంతా విను. నీ ఉత్తరం చదివాక నాకు ఒకటే ఏడుపు. ఇన్నేళ్ళూ ఒక్కదానివే ఎలా మోశావే అని. ఆదివారం మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. మీ అన్నయ్య సర్వేయర్ వాళ్ళని ఫలానా రోజున రమ్మన్నానన్నారు. అత్తయ్య నీకు ఏ చీర బాగుంటుందో చెప్పడం మొదలుపెట్టారు. నా వల్ల కాలేదు. కంచం జరిపి, "ఆ పిల్లకి పెళ్ళి అక్కర్లేదు. ఎవరి మీదా అలాంటి ఆశ లేకుండానే పుట్టింది. అది జబ్బు కాదు, పొగరు కాదు. ఇంక దాన్ని వదిలెయ్యండి" అన్నాను. నువ్వు రాసిన ఆ రెండు పేర్లు కూడా చెప్పాను, స్పష్టంగా, ప్లాట్‌ఫారం నంబరు చెప్పినట్టు.

నేను యుద్ధమే అనుకున్నాను. ఏమీ లేదే! అత్తయ్య ఏడవలేదు. నా వంక చూసి, "అలాగా, దానికి అలా ఉందా" అన్నారు మెల్లిగా. మీ అన్నయ్య చెయ్యి కడుక్కుని, "మంచిదైంది నువ్వు చెప్పడం, చూద్దాం" అన్నారు. సర్వేయర్ వాళ్ళని రావద్దని కబురు కూడా పెట్టారు. నువ్వు ఏళ్ళ తరబడి భయపడ్డ పని అన్నం చల్లారేలోపు అయిపోయింది.

ఉంచమన్నావని గుర్తుంది. కానీ నువ్వైతే ఇంకో పదేళ్ళు ఆలోచించేదానివి. నాకు థాంక్స్ అక్కర్లేదు, ఈసారి వచ్చినప్పుడు నాలుగు రోజులు ఎక్కువ ఉండు చాలు.

విజయగర్వంతో,
నీ వదిన

*

వర్క్‌షాపు స్టోరు గది

వదినగారికి,

మీ ఉత్తరం అందేసరికి అన్నయ్య ఫోను సూపర్‌వైజర్ గారికి అందిపోయింది.

చూద్దాం అన్నాడన్నారు కదా, చూశాడు. పెద్దమనిషి కదా, నాలుగు మంచి మాటలు చెప్పమని అడిగాడట. సూపర్‌వైజర్ గారు నన్ను పిలిచి తలుపు దగ్గరగా వేసి, "మీ ఇంటివాళ్ళు చెప్పారమ్మా, నీకేదో మనుషుల ఒంటితో ఇబ్బందుందటగా, ఇంతకాలం చెప్పలేదేం" అన్నారు. లేదండీ అన్నాను. "మరి మీ వాళ్ళెందుకు చెబుతారు? నేనైతే నిన్నేమీ అనను. రేపు ఎవరైనా పేషెంటు అడిగితే నేనేం చెప్పను, చెప్పు" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. అచ్చు బల్ల దగ్గర్నుంచి తీసి స్టోరులో వేశారు. ఇప్పుడు నేను బోల్టులు, పట్టీలు, ఫోము షీట్లు ఇస్తాను, తీసుకుంటాను. మనుషుల్ని ముట్టుకోను.

తరవాత అమ్మ వచ్చింది, అన్నయ్యతో. ఎవరో డాక్టరు దగ్గర టైము తీసుకున్నారు. అమ్మ ఏడుస్తుంటే చూడలేక వెళ్ళాను. ఆయన నన్ను అడిగింది తక్కువ, అన్నయ్యతో మాట్లాడింది ఎక్కువ. పెళ్ళయితే సర్దుకుంటుంది, ఆలస్యం చెయ్యకండి అన్నాడు. సర్వేయర్ గారిని మళ్ళీ రమ్మన్నారు. ఆయనకి మాత్రం "అమ్మాయి కొంచెం సిగ్గరి" అని చెప్పారట.

అమ్మతో నేను చెప్పాలనుకున్నాను. ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ అడిగినవాటికి ఓపిగ్గా జవాబిస్తూ. ఆవిడకి భయం లేకుండా చెప్పే దారి ఒకటి ఉండే ఉంటుంది, నేను దాన్ని వెతుక్కుంటున్నాను. ఆ అవకాశం ఇంక నాకు రాదు. ఆవిడకి నా గురించి తెలిసింది నా నోటి నుంచి కాదు.

మీరు మంచి మనసుతోనే చేశారు. అందుకే ఎక్కువ మంట. కొన్నాళ్ళు ఉత్తరాలు వద్దు.

*

బస్ స్టాండు విచారణ గది

పిల్లా,

వద్దన్నా రాస్తున్నాను, చదవకుండా చింపెయ్యి పోనీ. నువ్వు నన్ను "మీరు" అన్నావు. ఇంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

నా నోరు పడిపోను! ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట నా దగ్గర ఉంచమన్నావు, ఉంచలేకపోయాను. పైగా విజయగర్వం అట నా మొహానికి. మీ అన్నయ్యని నిలదీశాను. "దాని మంచికే చేశాను, నువ్వూ అందుకే కదా చెప్పావు" అన్నారు. ఆయన చేసిందానికీ నేను చేసిందానికీ తేడా ఏమిటని నన్నే అడిగినట్టయింది.

సెలవు పెట్టి వచ్చి మీ సూపర్‌వైజర్‌ని కడిగేద్దామని బ్యాగు సర్దాను. బస్సు కూడా నేనే మైకులో చెప్పాను. ఎక్కలేదు. మళ్ళీ నిన్ను అడక్కుండానే చేస్తున్నానని మెట్టు దగ్గర గుర్తొచ్చింది. బ్యాగు ఈ గదిలోనే బల్ల కింద ఉంది.

నాకు తెలిసిన సాయమంతా గట్టిగా అరవడమే. అది నీకు పనికిరాదని తెలిసింది. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు, అదే చేస్తాను. ఏమీ చెయ్యొద్దంటే ఏమీ చెయ్యను.

వదిన

*

కొత్త గది, సైకిల్ షాపు పైన

వదినకి,

ఇంతకాలం రాయలేదు. రాయాలనిపించలేదు.

అన్నయ్య ప్రతి ఆదివారం పాత గదికి వచ్చి కింద ఉండే ఇంటావిడతో కూర్చునేవాడు. నాకు నచ్చజెప్పమని ఆవిడకి కూడా చెప్పాడు. ఆవిడ కొన్నాళ్ళు నచ్చజెప్పింది, ఆ తరవాత గది ఖాళీ చెయ్యమంది. "నీలాంటి ఒంటరి పిల్లని పెట్టుకుంటే మాకు చెడ్డపేరు, నువ్వేమో చెప్పినా వినవు" అంది. ఇక్కడికి మారాను. మెట్లు నిలువుగా ఉంటాయి, కింద రోజంతా గాలి కొట్టే చప్పుడు. కిటికీ పెద్దది. ఈ అడ్రసు నీకు తప్ప ఎవరికీ తెలియదు. అన్నయ్య నంబరు తీసేశాను. వర్క్‌షాపు గేటు దగ్గర ఎవరైనా వచ్చి అడిగితే లేదని చెప్పమని వాచ్‌మన్‌కి చెప్పాను.

స్టోరులోనే ఉన్నాను. మొన్న కుట్టుపని చేసే ఆవిడ వచ్చింది. మెషీను తొక్కాలి, తొందరగా కాలు కావాలని నాతో ఎన్నిసార్లు అందో. కొలతలు మొదలుపెట్టింది నేనే. ఆ రోజు పని ఎక్కువై, వెళ్ళి అచ్చు తియ్యమని నన్నే పంపారు. ఎంత సంతోషంగా వెళ్ళానో. ఆవిడ నన్ను చూసి చీర సర్దుకుని, "మీరు కాదులెండమ్మా, ఇంకో ఆవిడ ఎవరైనా ఉంటే..." అంది. నా వంక చూడలేదు. నన్ను స్టోరులో ఎందుకు వేశారో ఆవిడదాకా వెళ్ళినట్టుంది. నేను ప్లాస్టర్ గిన్నె అక్కడే పెట్టి వచ్చేశాను. ఆ రోజు బాగా ఏడ్చాను వదినా. ఎవరినీ కోరుకోని మనిషి కంటే నిరపాయమైన మనిషి ఎవరుంటారు చెప్పు? కానీ వాళ్ళకి నేనంటే భయం.

నువ్వు బస్సు ఎక్కకపోవడం గురించి రాశావే, ఆ ముక్క చాలాసార్లు చదివాను. ఇప్పుడు నువ్వు రాస్తే తీసుకుంటాను. ఏం చెయ్యాలని అడిగావు. ఇంట్లో నా గురించి మాటొస్తే "ఆ సంగతి తననే అడగండి" అను. ఇంకేమీ కలపకు. నన్ను పొగడకు కూడా. అది నీకు ఎంత కష్టమో నాకు తెలుసు.

మరదలు

*

ఆసుపత్రి వరండా

పిల్లా,

ఇది నిదానంగా చదువు. అత్తయ్యకి గుండె బాగా దెబ్బతింది. నాలుగు రోజులుగా ఇక్కడే ఉన్నాం. సగం కూడా పనిచెయ్యడం లేదంటున్నారు, ఇంటికి తీసుకెళ్ళే ఆశ పెట్టుకోవద్దన్నారు. నిన్ను రప్పించడానికి ఆడుతున్న నాటకం కాదు. నా కళ్ళతో చూస్తున్నాను. పెదవులు నల్లబడ్డాయి. తలగడలు ఆనించి కూర్చోబెడితే తప్ప ఊపిరి ఆడటం లేదు.

నీ అడ్రసు ఇమ్మని మీ అన్నయ్య రెండు రోజులు నా ప్రాణం తీశారు. తనని అడిగి ఇస్తానన్నాను. "నా చెల్లెలి అడ్రసు నాకివ్వడానికి నువ్వెవరు" అన్నారు, నర్సుల ముందే. నిజమే, నేనెవరిని? ఇవ్వలేదు. ఆఖరికి, నన్నే రాయమన్నారు. సీరియస్ అని మాత్రం రాయమన్నారు, అంతకంటే ఒక్క ముక్క వద్దన్నారు.

ఆ ముక్క ఏమిటో చెబుతాను. అత్తయ్య నన్ను దగ్గరికి పిలిచి, "దాన్ని సరే అని రమ్మను. అనకపోతే రావద్దని చెప్పు, చూసి తట్టుకోలేను" అన్నారు. పెళ్ళికి సరే అని. సర్వేయరూ వాళ్ళ అమ్మానాన్నా రోజూ సాయంత్రం వచ్చి ఈ వరండాలోనే కూర్చుంటున్నారు. నువ్వు ఆ మాట అనగానే అత్తయ్య ఎదుటే ఉంగరాలు మార్పించెయ్యాలనీ, వారం తిరక్కుండా గుళ్ళో పెళ్ళి, రిజిస్ట్రారు దగ్గర సంతకాలనీ మీ అన్నయ్య ఏర్పాటు. "మంచం దగ్గర నిలబెడితే ఎలా కాదంటుందో చూస్తాను" అన్నారు. ఆయనకీ ఏడుపే, తల్లి కదా.

నేనిది దాచి నిన్ను పిలవొచ్చు. నువ్వు వస్తావు, ఆవిడని చూస్తావు, ఆ తరవాత ఏమైతే అదవుతుంది. చాలాసేపు అలాగే అనుకున్నాను. కానీ అన్నీ తెలిసి రావాలి నువ్వు, లేదా అన్నీ తెలిసి మానుకోవాలి. వస్తే మంచిదనీ రాయను, రాకపోతే మంచిదనీ రాయను. ఈ ఉత్తరం తెలిసిన డ్రైవరు చేత పంపుతున్నాను, నీ చేతికే ఇమ్మన్నాను.

వదిన

*

కొత్త గది

వదినా,

ఇది ఆ డ్రైవరు చేతికే ఇస్తున్నాను. రేపు మధ్యాహ్నం బస్సుకి వస్తాను. అమ్మని చూడటానికి వస్తున్నాను, సరే అనడానికి కాదు.

నువ్వు నా పక్కన నిలబడు. నా తరఫున ఒక్క మాట మాట్లాడకు. నన్ను వెనకేసుకు రావద్దు, నచ్చజెప్పవద్దు. అన్నయ్య ఏమన్నా సరే.

*

ఇంటి నుంచి, వెనక గది

పిల్లా,

అంతా అయిపోయి ఇన్నాళ్ళయింది. నీకు రాయడానికి ధైర్యం చాలలేదు.

అత్తయ్య పోయిన రోజు నువ్వు మన వీధికి వచ్చావట, మందుల షాపు దగ్గర నిలబడ్డావట. మా అత్తయ్యని తీసుకెళ్ళేదాకా రోడ్డుకి అవతలే ఉన్నావని కూరలావిడ చెప్పింది. గుమ్మంలోకి రానివ్వనని మీ అన్నయ్య నీకు కబురు పెట్టారని నాకు తరవాత తెలిసింది. నేను చూడలేదే. చూసి ఉంటే దాటి వచ్చేదాన్ని, ఎవరు ఆపినా. కన్నకూతురు షాపు గట్టు మీద నిలబడి చూడాల్సి వచ్చింది.

ఇప్పుడు ఇంట్లో కథ ఒకటి తయారైంది. వచ్చినవాళ్ళందరికీ మీ అన్నయ్య అదే చెబుతున్నారు. పోయే మనిషికి ఒక్క మాట ఇవ్వలేకపోయింది, ఆ దిగులుతోనే మా అమ్మ మర్నాడే పోయింది అని. విన్నవాళ్ళు నోటి మీద చెయ్యి పెట్టుకుంటున్నారు. రోజూ వింటుంటే నాకే ఒక్కోసారి అలాగే జరిగిందేమో అనిపిస్తోంది. అందుకని నేను చూసింది రాస్తున్నాను, నీ దగ్గర ఉండనీ.

నువ్వు లోపలికి రాగానే అత్తయ్య నీ చెయ్యి పట్టుకున్నారు. "చిక్కిపోయావేమే" అన్నారు. నువ్వు ఆవిడ వీపు నిమురుతూ చాలాసేపు కూర్చున్నావు. ఇద్దరూ బాగానే ఉన్నారు. అప్పుడు మీ అన్నయ్య తలుపు తెరిచి సర్వేయర్ వాళ్ళని లోపలికి రమ్మన్నారు. అత్తయ్య, "నేను పోయాక నీకెవరే? ఒక్కదానివే ఏ గదిలోనో పడుంటే నీళ్ళిచ్చేవాళ్ళెవరు? సరే అను తల్లీ" అన్నారు. మీ అన్నయ్య నా వైపు తిరిగి, "నీ మాటైతే వింటుంది, నువ్వు చెప్పు. చెప్పు!" అని అరిచారు. అత్తయ్య కూడా నా వంకే చూశారు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. దణ్ణం పెట్టబోయారే నాకు, చెయ్యి పైకి లేవలేదు.

నేను నిలబడే ఉన్నాను. అప్పుడు నువ్వన్నావు: "అమ్మా, నేను బాగానే ఉంటాను. నీకు అబద్ధం చెప్పలేను. సరే అనలేను." ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని మొహం గోడవైపు తిప్పుకున్నారు. నువ్వు అమ్మా అమ్మా అని పిలుస్తున్నా తిరగలేదు.

ఇప్పుడు నిజం చెబుతాను. నేను గొప్ప నమ్మకంతో ఊరుకోలేదు. "అబద్ధానికైనా అనెయ్యవే, తరవాత చూసుకుందాం" అని నాలిక చివరిదాకా వచ్చింది. మా అత్తాకోడళ్ళకి పడదని అందరూ అనుకుంటారు గానీ, ఆవిడ నన్ను కూతురిలా చూశారు. ఆవిడ కోసం అనాలనిపించింది. మాట్లాడకు అని నువ్వు రాశావు కాబట్టి పళ్ళు బిగపట్టుకుని నిలబడ్డాను, అంతే. నువ్వు చేసింది సరైందో కాదో నాకు ఆ గదిలో తెలియలేదు. ఇప్పటికీ ఒక్కో పూట తెలియదు.

మీ అన్నయ్య నాతో మాట్లాడటం మానేశారు. నేను వడ్డిస్తే లేచిపోతున్నారు. నీకు ఉత్తరం రాస్తే ఈ ఇంట్లో నా స్థానం ఏమిటో ఆలోచించుకోమని వాళ్ళ పిన్ని చేత చెప్పించారు. ఆలోచించుకుని రాస్తున్నాను. ఒక్కటి చెప్పు. ఆ రోజు నేను నోరు తెరిచి ఉంటే మా అత్తయ్య గోడవైపు తిరక్కుండా పోయేవారు కదా? నేను తప్పు చేశానా?

వదిన

*

కొత్త గది, సైకిల్ షాపు పైన

వదినకి,

నేను ఇంకా స్టోరులోనే ఉన్నాను. అచ్చు బల్లకి ఎప్పుడు పిలుస్తారో తెలియదు, పిలవకపోవచ్చు. చేతులు పని అడుగుతుంటాయి. సాయంత్రం గదికి వచ్చి ఊరికే కూర్చుంటాను. అమ్మ గుర్తొస్తుంది.

అన్నయ్య చెబుతున్న కథలో కొంత నిజముంది. అమ్మకి నేను ఆ మాట ఇవ్వలేదు. ఆవిడ నన్ను చూడకుండా పోయింది. నేను మంచిదాన్నని ఎవరు సర్టిఫికెట్ ఇచ్చినా అది మారదు, నాతోపాటే ఉంటుంది. ఆవిడకి నా మీద ప్రేమ లేదని అనుకోను. నన్ను ఒంటరిగా వదిలి పోతున్నానని భయపడింది. నేను ఒంటరిని కానని ఆవిడకి చూపించే వీల్లేకపోయింది. పక్కన నువ్వు నిలబడే ఉన్నావు, కానీ ఆవిడ లెక్కలో నువ్వు రాలేదు.

ఆ ఇల్లు వదిలి రమ్మని నీకు చెప్పను. అన్నయ్యతో నీ సంసారం నీ ఇష్టం, నేను వేలు పెట్టను. ఈ గదిలో ఇంకో మంచం పడుతుందని మాత్రం చెబుతున్నాను. కొలిచి చూశాను.

తప్పు చేశానా అని అడిగావు. నేను నీకు రాసిన ఉత్తరంలో సరే అనడానికి రావడం లేదని ఎంత ధీమాగా రాశానో చూశావుగా. ఆ గదిలో అమ్మ చెయ్యి పట్టుకోగానే అదంతా పోయింది. ఆవిడ గోళ్ళు నీలంగా ఉన్నాయి. నాకు సరే అనేద్దామనిపించింది వదినా. సర్వేయర్ గారు మంచానికి కాళ్ళవైపు నిలబడి చెమట తుడుచుకుంటున్నారు, ఆయన మొహం చూసినా జాలేసింది. ఇంతమంది ఏడుస్తున్నారు, నేనొక్కదాన్ని ఒప్పుకుంటే అందరికీ బాగుంటుంది కదా అనిపించింది. అన్నయ్య నీ మీద అరిచినప్పుడు నేను అమ్మని చూడటం లేదు, నిన్ను చూస్తున్నాను. వదిన కూడా అనమంటే అనేద్దామని నిశ్చయించేసుకున్నాను. నీ పెదవులు కదిలాయి. నేను చూశాను.

ఆ తరవాత నువ్వు పళ్ళు బిగపట్టుకున్నావు. చెయ్యి మాత్రం నా భుజం మీదే ఉంచావు.

నువ్వు ఆ ఒక్క మాట అనేసి ఉంటే, ఈ ఉత్తరం నీకు సర్వేయర్ గారింటి నుంచి వచ్చేది.

నీ మరదలు